క్రోషే మొదటి వరుసలోనే చిక్కుపడిపోతున్నారా? చైన్‌తో పనిలేని ఈ పద్ధతి ట్రై చేయండి!

రీల్స్‌లో క్రోషే బ్యాగులు, టాప్‌లు చూసి ఊలు, హుక్ కొనేశారా? మొదటి వరుస దగ్గరే ఆగిపోయి పక్కన పెట్టేశారా? మీ ఒక్కరికే కాదు, కొత్తగా నేర్చుకునే చాలామందికి ఇక్కడే బ్రేక్ పడుతుంది. దీనికి సులువైన దారి 'ఫౌండేషన్ సింగిల్ క్రోషే'. అదేంటో, ఎలా వేయాలో చూద్దాం.

అసలు సమస్య ఎక్కడ?

మామూలుగా ముందు పొడవాటి చైన్ అల్లి, తర్వాత అందులోకి హుక్ గుచ్చుతూ మొదటి వరుస వేస్తారు. కొత్తవాళ్లు దారాన్ని గట్టిగా లాగేస్తారు. దాంతో చైన్ బిగుసుకుపోయి హుక్ దూరదు. పైగా చైన్ మెలి తిరుగుతుంది, లెక్క తప్పుతుంది. చివరికి అల్లిక అడుగు భాగం ముడుచుకుపోయి, పైభాగం వెడల్పుగా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో చైన్, మొదటి వరుస రెండూ ఒకేసారి తయారవుతాయి. అంచు సాగుతుంది కూడా. అందుకే టోపీలు, మెడ పట్టీలు, నడుము పట్టీలకు ఇది బాగా పనికొస్తుంది.

ఏమేం కావాలి?

5 ఎంఎం హుక్, మధ్యరకం మందం ఉన్న లేత రంగు ఊలు, ఒక పిన్నీసు. నలుపు, ముదురు నీలం వద్దు. వాటిలో కుట్లు సరిగ్గా కనిపించవు.

ఇలా వేయండి

1. జారుముడి వేసి హుక్‌కి ఎక్కించండి. 2 చైన్లు అల్లండి.

2. మొదట అల్లిన చైన్‌లోకి, అంటే హుక్ నుంచి రెండోదానిలోకి హుక్ గుచ్చండి. దారం చుట్టి బయటకు లాగండి. ఇప్పుడు హుక్ మీద 2 లూపులు ఉంటాయి.

3. మళ్లీ దారం చుట్టి, ఒక్క లూపు లోంచే లాగండి. ఇదే మీ అడుగు చైన్. అసలు కీలకం ఇక్కడే. దీన్ని బొటనవేలితో నొక్కి పట్టుకోండి, లేదా పిన్నీసు పెట్టండి.

4. ఇంకోసారి దారం చుట్టి, 2 లూపుల్లోంచి లాగేయండి. హుక్ మీద ఒక్క లూపే మిగులుతుంది. ఒక కుట్టు పూర్తయింది.

5. తర్వాతి కుట్టు కోసం, మీరు నొక్కి పట్టుకున్న ఆ అడుగు చైన్‌లో 'వి' ఆకారంలో కనిపించే రెండు పోగుల కిందికి హుక్ గుచ్చండి. మళ్లీ దారం చుట్టి లాగి, 3, 4 స్టెప్పులు చేయండి. అంతే!

ఇక్కడ జాగ్రత్త

మూడో స్టెప్‌లో దారం బిగించొద్దు. అక్కడ వదులు ఉంటేనే తర్వాతి కుట్టుకి హుక్ దూరుతుంది. మొదటి నాలుగైదు కుట్లు వంకరగా వస్తే కంగారు పడకండి. 15 కుట్లు వేశాక పట్టీని బల్ల మీద పరిచి చూడండి. పైనా, కిందా రెండు వైపులా 'వి'ల వరుస కనిపిస్తే మీరు కరెక్ట్‌గానే వేసినట్టు.

ప్యాటర్న్‌లో '31 చైన్లు వేసి, 30 సింగిల్ క్రోషే' అని ఉంటే, నేరుగా 30 ఫౌండేషన్ కుట్లు వేసి రెండో వరుసకు వెళ్లిపోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అమెరికా వీడియోల్లో 'సింగిల్' అన్నదాన్నే బ్రిటన్ ప్యాటర్న్‌లలో 'డబుల్' అంటారు.

మామూలు చైన్‌తోనే మొదలుపెట్టాలనుకుంటే, చైన్ వరకు 6 ఎంఎం హుక్ వాడి, తర్వాత 5 ఎంఎంకి మారండి. బిగుసుకోదు.

మన నరసాపురం లేసు కూడా..

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంత మహిళలు అల్లే లేసు కూడా హుక్‌తో చేసే పనే. దానికి 2024లో జీఐ గుర్తింపు దక్కింది. అయితే అక్కడ వాడేది సన్నటి నూలు దారం. కొత్తవాళ్లు దాంతో మొదలుపెడితే కుట్టు ఎక్కడుందో కనిపించదు. ముందు మందపాటి ఊలుతో చెయ్యి తిరగనివ్వండి.

వీడియో చూస్తూ నేర్చుకుంటుంటే ప్లేబ్యాక్ స్పీడ్‌ను 0.5కి తగ్గించి, మూడో స్టెప్ దగ్గర పాజ్ చేసి చూడండి. రోజూ 15 కుట్లు వేసి విప్పేయండి, మళ్లీ వేయండి. ఊలు ఎక్కడికీ పోదు, చెయ్యి మాత్రం అలవాటు పడుతుంది.