రెండు గుడ్లు, ఒక ఎర్రగడ్డ, 127 గ్రాముల నీళ్లు

మా ఇంట్లో ఆమ్లెట్టు చెడిన ప్రతిసారీ నేరం దేనిమీదో ఒకదానిమీదికి నెట్టేవాళ్లం. అంటుకుంటే పెనం పాడైందనీ, మాడితే సెగ ఎక్కువైందనీ, పళ్లెంలో నీళ్లు ఊరితే గుడ్లు పాతవనీ. ఒక ఆదివారం చిన్న ఎలక్ట్రానిక్ కాటా ముందు పెట్టుకుని, గిన్నెలో పడేవన్నీ తూచి చూశాను. దోషి ఎర్రగడ్డ అని తేలింది. ఇంకోచోట దీన్నే ఉల్లిపాయ అంటారు. నెల్లూరు దగ్గర మా కోవూరులో ఆ మాట అంటే ఊరికి కొత్తేమో అనుకుంటారు.

అంగడి నుంచి తెచ్చిన గుడ్డు ఒక్కోటి 55 గ్రాముల దగ్గర తూగింది. పెంకు 6 గ్రాములు పోతే లోపలి సరుకు 49. రెండు కొడితే 98. చూడ్డానికి చిక్కగా ఉంటుంది గానీ గుడ్డులో నాలుగింట మూడొంతులు నీళ్లే. తెల్లసొనలో 88 శాతం, పచ్చసొనలో దాదాపు సగం. అంటే గిన్నెలో ఉన్న 98 గ్రాముల్లో 74 నీళ్లు. ఆ నీళ్లన్నిటినీ పట్టి ఉంచాల్సింది 12 గ్రాముల ప్రోటీను. వేడి తగిలితే ఆ ప్రోటీను పోగులు విచ్చుకుని, ఒకదానికొకటి ముడిపడి వలలాగా తయారవుతాయి. నీళ్లు ఆ వలకళ్లలో చిక్కుకుంటాయి. వేడి ఇంకా పెరిగితే వల బిగుసుకుని నీటిని పిండేస్తుంది. రబ్బరులాగా సాగే ఆమ్లెట్టు, దాని అడుగున నీటి మడుగు, రెండూ అందువల్లే.

ఇప్పుడు అందులో ఓ చిన్న ఎర్రగడ్డ, 60 గ్రాములది, తరిగి వేశామనుకోండి. ఎర్రగడ్డలో 89 శాతం నీళ్లు. అంటే ఇంకో 53 గ్రాములు. 74 కాస్తా 127 అయింది. వల మాత్రం అదే 12 గ్రాములది. ముక్కల్లోని నీళ్లన్నీ బయటికి రావన్నది నిజమే. ఉప్పు తగిలితే మాత్రం వస్తాయి. ఉప్పేసిన ముక్కల్ని పది నిమిషాలు పక్కన పెడితే గిన్నె అడుగున తడి కంటికే కనిపిస్తుంది. మేము ఇన్నేళ్లూ చేసిందేమిటంటే, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేత్తో బాగా పిసికి, దానిమీద గుడ్లు కొట్టి, పెనం వేడెక్కేదాకా అట్లాగే వదిలేయడం. ఊరగాయకు పనికొచ్చే పద్ధతి అది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గుడ్డుకు ఉప్పు ముందే పడాలి. గిలక్కొట్టిన గుడ్డులో ఉప్పు వేసి పావుగంట ఉంచితే పోగులు మరీ గట్టిగా బిగుసుకోవు, నీటిని బాగా పట్టుకుంటాయి, ఆమ్లెట్టు మెత్తగా వస్తుంది. ఎర్రగడ్డకేమో ముందు ఉప్పు తగలకూడదు. కాబట్టి వరస మార్చాలి. మొదట గుడ్లు, ఉప్పు, చిటికెడు పసుపు గిలక్కొట్టి పక్కన పెట్టాలి. ముక్కలు పెనం మీద పోయబోయే ముందు కలపాలి, అదీ 30 గ్రాములే. ఉప్పు గుడ్ల బరువులో నూటికి ఒక వంతు చాలు. రెండు గుడ్లకు గ్రాము, అంటే టీ చెంచాలో ఆరో వంతు. ముక్కలు పడతాయి కాబట్టి మరో రవ్వ వేసుకోవచ్చు.

ఈ లెక్క కాటా లేకుండానే తెలిసినవాళ్లున్నారు. పెన్న వంతెన దాటి నెల్లూరు నుంచి తిరిగొచ్చేవాళ్లు సాయంత్రాలు ఆగే ఆమ్లెట్ల బండి ఒకటుంది. బండాయన స్టీలు గ్లాసులో గుడ్లు కొట్టి, ఉప్పేసి, చెంచాతో టకటకా కొడతాడు. లెక్కపెట్టాను, నలభైకి తక్కువ కాదు. నురగ గ్లాసు అంచుకు వచ్చాక తరుగు వేసి, రెండంటే రెండు తిప్పులు తిప్పి పెనం మీదికి వంచుతాడు. "ముందే ఏస్తే నీళ్లు దిగతాయి సార్" అన్నాడు, అడిగితే. ఫ్రాన్సులో మోన్ సాన్ మిషెల్ దగ్గర 1888 నుంచి నడుస్తున్న లా మేర్ పులార్ అనే హోటల్లోనూ ఇదే చప్పుడు. వాళ్లు రాగి గిన్నెల్లో నురగ వచ్చేదాకా కొట్టి కట్టెల మంట మీద కాలుస్తారు. దానికి పేరు ఎక్కువ, ధర కూడా. నురగలోని గాలి బుడగలు వేడికి ఉబ్బి అట్టును పైకి లేపడం రెండు చోట్లా ఒక్కటే.

పెనం సంగతి. మేము దోసెల పెనం మీదే పోసేవాళ్లం. దాని అడ్డకొలత 28 సెంటీమీటర్లు. నిండా పరిస్తే రెండు గుడ్ల ఆమ్లెట్టు 2 మిల్లీమీటర్ల మందం తేలుతుంది. అదే 20 సెంటీమీటర్ల పెనం మీద 4 మిల్లీమీటర్లు. పల్చనిది ఇట్టే ఎండిపోతుంది. బండి మీద బ్రెడ్డును చుట్టడానికి పల్చనిదే కావాలి, అన్నంలో నంజుకోవడానికి మాత్రం మందంగా ఉన్నదే రుచి. చిన్న పెనం కొనడానికి ఇంకో కారణం, దోసెలకు నీచు వాసన పట్టదు.

సెగ చూడ్డానికి ధర్మామీటరు అక్కర్లేదు, దోసెకు చల్లే నీళ్లే చాలు. చుక్క పడి, కదలకుండా మెల్లగా ఆవిరైతే పెనం ఇంకా కాగలేదు. చుయ్‌మని రెండు సెకన్లలో మాయమైతే సరిగ్గా ఉంది. పూసలాగా గుండ్రంగా చుట్టుకుని పెనమంతా పరుగెత్తితే వేడి 190 డిగ్రీలు దాటినట్టే, పొయ్యి తగ్గించాలి. గుడ్డుకు అంత అక్కర్లేదు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది, పచ్చసొన 65 నుంచి చిక్కబడి 70కి గట్టిపడుతుంది. కలిపి కొట్టినది 73 దగ్గర నిలుస్తుంది. సాల్మొనెల్లా భయానికి చెప్పే హద్దు 71. అంటే పైన తడి మెరుపు పోయిందంటే ఆ భయమూ పోయినట్టే. అడుగున ఎర్రటి మరకలు, ఆ కమ్మటి వాసన మాత్రం 140 దాటితేనే వస్తాయి. ఫ్రెంచివాళ్లు ఆ మరకను తప్పంటారు. మనకు అది లేకపోతే ఉడకని గుడ్డట్టు. నేను మన పక్షమే.

మా పొయ్యి మీద, ఒక టీ చెంచా వేరుశనగ నూనెతో, మధ్యస్థపు సెగ మీద మొదటి వైపు 75 సెకన్లు, తిరగేశాక 25. అంచులు వాటంతట అవే లేచేదాకా అట్లకాడ పెట్టకూడదు. తొందరపడి గీకితేనే అంటుకుంటుంది. దించాక కూడా లోపలి వేడికి కాస్త ఉడుకుతుంది, కాబట్టి ఆ 25ను 40 చేయనక్కర్లేదు.

గుడ్లకు మనకు కరువేం లేదు. 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు వచ్చాయి, అందులో 17.85 శాతం ఆంధ్రప్రదేశ్‌వే, అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. దేశం మొత్తమ్మీద మాత్రం ఆ ఏడాది తలకు 103 పడ్డాయి; ఉండాల్సింది 180 అని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలంగా చెబుతోంది. రోజూ పేపర్లో వచ్చే గుడ్ల రేటు నూటికి. 1982లో కోళ్ల పరిశ్రమకు చెందిన బి.వి. రావు చొరవతో పుట్టిన నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) దాన్ని ప్రకటిస్తుంది, అంగట్లో గుడ్డుకు మనం ఇచ్చేది దానిమీద ఇంకాస్త ఎక్కువ.

కోత అయిన మళ్లలోకి బాతుల మందలు దిగే రోజుల్లో బాతు గుడ్లు దొరికితే ఈ లెక్క మారుతుంది. అది 70 గ్రాములు తూగుతుంది, పచ్చసొన పెద్దది, కొవ్వు ఎక్కువ, నీళ్లు తక్కువ. రెండింటికి అరచెంచా నూనె చాలు. మిరియాల పొడి మాత్రం ఒక చిటికె ఎక్కువే పడాలి, లేకపోతే నీచు తెలుస్తుంది.