నీరు చల్లబడినప్పుడు, గడ్డకట్టినప్పుడు సాంద్రతలో కలిగే మార్పులు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చల్లబడిన పదార్థం సంకోచిస్తుందన్నది సాధారణ సూత్రం. నీరు దీనికి రెండు చోట్ల భిన్నంగా ప్రవర్తిస్తుంది. 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ద్రవరూపంలోనే వ్యాకోచించడం మొదటిది. గడ్డకట్టేటప్పుడు వ్యాకోచించడం రెండవది. బోధనలో ఈ రెండూ తరచు ఒకటిగా కలిసిపోతుంటాయి. వాటిని విడదీసి, శీతలప్రాంతాల సరస్సుల్లో జీవుల మనుగడకు ఏది ఎంతవరకు కారణమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాంద్రత, ఘనపరిమాణం, వ్యాకోచం, హైడ్రోజన్ బంధం, ఘనీభవనం.

1. ఉపోద్ఘాతం:
చలికాలంలో నేతిగిన్నెను గమనిస్తే పేరుకొన్న నెయ్యి అడుగున, ఇంకా పేరుకోని నెయ్యి పైన కనిపిస్తాయి. గ్లాసులోని మంచుగడ్డ మాత్రం నీటిపై తేలుతుంది. పదార్థాల్లో అధికభాగం నేతి మార్గాన్నే అనుసరిస్తాయి. ఈ తేడాను వాడుకలో ‘మంచు తేలిక, నీరు బరువు’ అంటారు. శాస్త్రవివరణకు ఈ మాట చాలదు. ఒక కిలో నీరు గడ్డకడితే వచ్చేది ఒక కిలో మంచే. మారేది అది ఆక్రమించే చోటు, అంటే ఘనపరిమాణం. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే విలువే సాంద్రత.

2. ద్రవస్థితిలో మలుపు:
ఒక ఘనపు మీటరు నీటి ద్రవ్యరాశి 20 డిగ్రీల వద్ద సుమారు 998.2 కిలోగ్రాములు. 4 డిగ్రీల వద్ద అది 999.97 కిలోగ్రాములకు చేరి గరిష్ఠమవుతుంది. అక్కడి నుంచి తగ్గి, 0 డిగ్రీల వద్ద, ఇంకా గడ్డకట్టకముందు, 999.84 కిలోగ్రాములుగా ఉంటుంది.

స్కాట్లండ్‌కు చెందిన రసాయనశాస్త్రవేత్త థామస్ చార్లెస్ హోప్ 1805లో ప్రకటించిన ప్రయోగం ఈ మలుపును స్పష్టంగా చూపింది. నిలువుపాత్రలోని నీటిని నడిమిభాగంలో మాత్రమే చల్లబరచి, పైన ఒకటి, అడుగున ఒకటి ఉష్ణమాపకాలు అమర్చారు. మొదట అడుగునీటి ఉష్ణోగ్రత తగ్గి, 4 డిగ్రీల సమీపంలో నిలిచిపోయింది. ఆ తరువాతే పైనున్న ఉష్ణమాపకం సున్నా వైపు దిగింది.

నీరు చల్లబడేకొద్దీ అణువుల చలనం తగ్గి అవి దగ్గరవుతాయి. అదే సమయంలో హైడ్రోజన్ బంధాలు వాటిని ఎడమెడంగా ఉండే అమరికలోకి లాగుతాయి. 4 డిగ్రీలకు పైన మొదటి ప్రభావానిది, దిగువన రెండవదానిది పైచేయి.

3. ఘనీభవనంలో వ్యాకోచం:
మంచుస్ఫటికంలో ప్రతి అణువూ నాలుగు పొరుగు అణువులతో బంధింపబడి, షడ్భుజాకారపు వలయాల నడుమ ఖాళీలు ఏర్పడతాయి. అందువల్ల 0 డిగ్రీల వద్ద మంచు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 917 కిలోగ్రాములే. ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మొదటి మార్పు పదివేలలో ఒకటి రెండు పాళ్లు మాత్రమే. నిండుగా నీరు పోసి బిగించిన గాజుసీసా ఫ్రీజరులో పగలడానికి కారణం ఈ రెండవ వ్యాకోచమే.

4. సరస్సులో పరిణామం:
సైబీరియాలోని బైకాల్ సరస్సు ఏటా కొన్ని నెలలు మంచుకప్పు కింద ఉంటుంది. అయినా దాని 1,600 మీటర్లకు మించిన లోతుల్లోని నీరు 3, 4 డిగ్రీల మధ్య ద్రవంగానే నిలుస్తుంది. లోతున ఒత్తిడి వల్ల గరిష్ఠసాంద్రత ఉష్ణోగ్రత కొంత తగ్గుతుంది కనుక అది సరిగ్గా 4 కాదు. సరస్సులోని చేపలు, సీలు జంతువులు చలికాలాన్ని ఈ మంచు కిందే గడుపుతాయి.

ఇక్కడే రెండు విశేషాలను విడదీయాలి. మొదటిది లేకపోతే, పైన చల్లబడిన నీరు అడుగుకు దిగుతూనే ఉండి, సరస్సంతా 0 డిగ్రీలకు చేరువయ్యాకగాని గడ్డకట్టడం మొదలుకాదు. అప్పటికీ ఏర్పడిన మంచు పైనే తేలుతుంది. రెండవది లేకపోతే, మంచు నేతివలె అడుగున పేరుకుంటూ పైకి పెరుగుతుంది. దీనికి సముద్రమే సాక్ష్యం. సాధారణ లవణీయత గల సముద్రజలం గడ్డకట్టే వరకూ సాంద్రతరమవుతూనే ఉంటుంది. దానిలో 4 డిగ్రీల మలుపు లేదు. అయినా సముద్రపు మంచు తేలుతుంది.

5. ముగింపు:
‘4 డిగ్రీల వద్ద సాంద్రత గరిష్ఠం కాబట్టి మంచు తేలుతుంది’ అన్న వాక్యం రెండు సత్యాలను తప్పుడు కార్యకారణసంబంధంతో ముడిపెడుతుంది. మంచు తేలడానికి స్ఫటికనిర్మాణం కారణం. మంచు కింద, గడ్డకట్టే స్థాయికి కొంత ఎగువన, వెచ్చని నీటిపొర మిగలడానికి 4 డిగ్రీల మలుపు కారణం. తరగతిగదిలో వీటిని రెండు వాక్యాలుగా చెప్పినప్పుడే విద్యార్థికి విషయం స్పష్టమవుతుంది.