108లో మొదటి ఉద్యోగం

108 బండిలో డాక్టర్ ఉంటాడని చాలామంది అనుకుంటారు. మామూలుగా ఉండడు. ఉండేది ఇద్దరే. నడిపే అతన్ని పైలట్ అంటారు, వెనక పేషెంట్ పక్కన కూర్చునేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. డాక్టర్ కాల్ సెంటర్‌లో ఉండి ఫోన్‌లో చెప్తాడు. చేతులు మాత్రం ఈఎంటీవే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచీ ఈ సర్వీస్ ఇలాంటి కుర్రాళ్ల మీదే నడుస్తోంది.

మా పెద్దమ్మ కొడుకు బీఎస్సీ, బీజెడ్‌సీ గ్రూప్. ప్రైవేట్ హాస్పిటల్‌కి వెళ్తే "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అన్నారు. మన ఫ్రెషర్స్ బాధే, కాకపోతే ఇక్కడ గిట్‌హబ్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. 108 నయం: నర్సింగ్, ఫార్మసీ వాళ్లతో పాటు లైఫ్ సైన్సెస్ డిగ్రీ వాళ్లనీ తీసుకుని, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. అందుకే మొదటి ఉద్యోగానికి అదే సరైన దారి అని నాకనిపిస్తుంది.

పని మాత్రం తేలిక కాదు. 12 గంటల షిఫ్టులు, రాత్రిళ్లు, దారిలోనే అయిపోయే కాన్పులు. గుండె ఆగిన పెద్దవాళ్లకి 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఇవ్వాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120, లోతు కనీసం 5 సెంటీమీటర్లు. వినడానికి సింపుల్ లూప్. రెండు నిమిషాలు చేసేసరికి చేతులు పడిపోతాయి, కదిలే బండిలో ఇంకా కష్టం.

జీతం మన ప్యాకేజీల ముందు చాలా తక్కువ. పెద్దమ్మ గ్రూప్స్ రాయమంటోంది. అన్నయ్య దిండు మీద లెక్కపెడుతూ నొక్కుతున్నాడు.