కొనడం తేలికే... మేపడమే కష్టం!

అమెరికాలో కొత్త టొయోటా క్యామ్రీకి పెట్టే డబ్బుతో కాస్త అటూ ఇటూగా పాతికేళ్ల నాటి పోర్షె 911 కొనొచ్చు. ఆ మాట చెవినపడగానే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లలో కొందరికి చెయ్యి ఊరుకోదు. 1999లో షోరూంలో సుమారు 65 వేల డాలర్లు పలికిన కారు మరి! ధర సగానికి దిగింది, నిజమే. స్పేర్‌పార్టుల ధర, మెకానిక్ కూలీ మాత్రం ఒక్క మెట్టూ దిగలేదు.

ఈ చవక 911ని కంపెనీ లెక్కలో 996 అంటారు. 1997లో వచ్చింది. అంతవరకూ గాలితో చల్లబడిన 911 ఇంజన్‌కు నీళ్లు పెట్టిన తొలి తరం ఇదే. పైగా పోర్షెవాళ్ల తక్కువ ధర మోడల్ బాక్‌స్టర్‌కు పెట్టిన హెడ్‌లైట్లే దీనికీ పెట్టారు. వేయించిన గుడ్డులా ఉన్నాయని ఎగతాళి చేశారు, పాత అభిమానులు అలిగారు. ఆ అలకలో అన్యాయం ఉందనే నా అభిప్రాయం. నడిపితే హాయిగొలిపే కారు ఇది.

ధర పడిపోవడానికి అసలు కారణం అరచేతిలో ఇమిడే ఒక బేరింగ్. క్రాంక్‌షాఫ్ట్ నుంచి చైన్‌తో తిరుగుతూ క్యామ్‌షాఫ్టులను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్టుకు ఒక కొసన ఉంటుంది. గ్రీజు నింపి, సీలు వేసి బిగించిన బేరింగ్. ఏళ్లు గడిచేకొద్దీ సీలు సందుల్లోంచి ఇంజనాయిల్ దూరి గ్రీజును కడిగేస్తుంది, గుండ్లు అరుగుతాయి. బేరింగ్ విరిగితే చైన్ టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఇనపరజను ఇంజనంతా పాకుతుంది. ఇక ఆ ఇంజన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తొలినాళ్ల కార్లలో రెండు వరుసల గుండ్ల బేరింగ్ ఉండేది, అది గట్టిది. 2000 ప్రాంతంలో ఒకే వరుసది వచ్చింది. అమెరికా కోర్టులో యజమానులు వేసిన దావా 2013లో రాజీకి వచ్చింది, అది ప్రధానంగా ఈ ఒంటివరుస కార్ల గురించే. అలాగని ప్రతి కారూ పేలిపోదు. చాలా కార్లు చిక్కులేకుండానే లక్ష మైళ్లు దాటాయి.

బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించాలి. అంత విప్పాక క్లచ్ ప్లేటు, వెనకవైపు ఆయిల్ సీల్ కూడా మార్చకపోతే ఆ కూలీ దండగే. అన్నీ కలిపి మూడు, నాలుగు వేల డాలర్లు, మన లెక్కలో రెండున్నర లక్షల పైమాటే. మార్చకుండా వదిలేసి ఇంజన్ పోతే పదిహేను, ఇరవై వేల డాలర్లు. అంటే కారుకు పెట్టిన డబ్బులో పెద్దముక్క.

బేరింగ్ భయంలో పడి చాలామంది అంతకన్నా మొండి రోగాన్ని మరిచిపోతారు. సిలిండర్ గోడలు గీరుకుపోయి ఇంజన్ బోరుకు రావడం! 2001 చివర్లో వచ్చిన 3.6 లీటర్ల ఇంజన్లలో ఈ బెడద ఎక్కువ. చల్లటి ఇంజన్‌లో టక్‌టక్ చప్పుడు, ఒకవైపు ఎగ్జాస్ట్ గొట్టం మాత్రమే మసిబారడం, ఆయిల్ తెగ తాగడం గుర్తులు. స్పార్క్‌ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించి చూడాలి. ఆ పరీక్షకయ్యే కొన్ని వందల డాలర్లకు వెనకాడేవాళ్లు ఈ కారు జోలికి పోకపోవడం మేలు.

మిగతావి చిల్లర బాధలు. కూలెంట్ ట్యాంకు పగులుతుంది, వాటర్ పంపు కారుతుంది. ముందు బంపర్ సందుల్లో ఎండుటాకులు చేరి రేడియేటర్లను తినేస్తాయి. స్టార్ట్ చేయగానే గుప్పుమని తెల్లపొగ వస్తే చాలాసార్లు ఆయిల్ సెపరేటర్ పోయినట్టు లెక్క.

996లోనే టర్బో, జీటీ3 మోడళ్ల కథ వేరు. రేసింగ్ వంశపు ఇంజన్ కనుక వాటికి ఈ బేరింగ్ గొడవే లేదు, అందుకే ధరా చుక్కల్లో ఉంటుంది. మామూలు మోడలైన కారెరానే కావాలనుకుంటే మీటరు మీది మైళ్లకన్నా సర్వీసు బిల్లుల కట్టను చూడండి. ఏడాదికోసారి గ్యారేజీలోంచి బయటికి వచ్చే బండికన్నా, రోజూ రోడ్డెక్కి వేళకు ఆయిల్ మారిన లక్ష మైళ్ల బండే నయమంటారు అనుభవమున్న మెకానిక్‌లు. బిల్లులు లేవని అమ్మేవాడంటే, పైన చెప్పిన బేరింగ్ ఖర్చును ధరలోంచి అక్కడికక్కడే తగ్గించమని అడగండి.