ఆటో ఎందుకు చారలా సాగింది?

సాయంత్రం హైదరాబాద్‌లోని కోఠి కూడలిలో తీసిన ఒక ఫొటోను ఊహించుకోండి. దుకాణాల బోర్డులు చక్కగా చదవొచ్చు. ముందు నుంచి పోతున్న ఆటో మాత్రం పసుపు చారలా సాగిపోయింది. ఎందుకు?

షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాలోని సెన్సర్ మీద వెలుతురు పడుతూనే ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆటో ఒక్క సెంటీమీటరే కదులుతుంది, ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. పదిహేనో వంతు తెరుచుకుంటే దాదాపు 67 సెంటీమీటర్లు! ఆ దూరమంతా ఫొటోలో పరుచుకుంటుంది.

1838లో, ఫొటోగ్రఫీ తొలిరోజుల్లో, ఆ కళకు ఆద్యుల్లో ఒకరైన డాగ్యూర్ పారిస్ వీధిని ఫొటో తీసినప్పుడు నిమిషాల తరబడి వెలుతురు పట్టాల్సి వచ్చింది. పోయే బండ్లు, జనం చారలుగా కూడా మిగల్లేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం ఫొటోలో పడ్డాడు. ఎంత అదృష్టం!

ఆటో స్పష్టంగా ఉండి వెనక వీధి చెదిరిపోవాలంటే? ఆటోతోపాటే కెమెరానూ అదే వేగంతో తిప్పుతూ నొక్కాలి. ఇదే ప్యానింగ్. మొదట్లో చాలా ఫొటోలు పాడవుతాయి, పర్లేదు. ఫుట్‌పాత్ మాత్రం దిగొద్దు.

ఇక రంగులు. పాత వీధి దీపాల వెలుగు పసుపు, దుకాణాల తెల్ల ఎల్‌ఈడీలది నీలం ఛాయ. ఎడిటింగ్ యాప్‌లో నీలం తీవ్రత తగ్గిస్తే ఆటో పసుపు ముందుకొస్తుంది. అన్ని రంగులూ ఒకేసారి పెంచేస్తే చూపు ఎక్కడా నిలవదు. నన్నడిగితే ఒక్క రంగునే ఎంచుకుని మిగతావాటిని కాస్త తగ్గించండి.