ఆల్చిప్పలో దాగిన పాచి



చెరువు మెట్లమీద కాలు జారినప్పుడు తప్ప పాచి మనకు గుర్తుకు రాదు. మీ పుస్తకంలో శైవలం అన్నది దీన్నే. జపానువారికి మాత్రం ఒకరకం సముద్రపు పాచి ఇష్టమైన ఆహారం. పేరు నోరి. దాన్ని కాగితంలా పలుచగా ఎండబెట్టి, అన్నానికి చుట్టుకుని తింటారు.

నోరి చలికాలపు పంట. వేసవి వస్తే మొక్కలు మాయం. చలి మొదలుకాగానే ఎక్కడినుండో మళ్లీ ప్రత్యక్షం! విత్తనం ఎక్కడుందో తెలియనప్పుడు రైతు ఏం చల్లుతాడు? సముద్రంలో వెదుళ్లు పాతి, అదృష్టానికి ఎదురుచూసేవాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పంట బాగా దెబ్బతింది.

జవాబు ఇంగ్లండునుండి వచ్చింది. మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో కాథలీన్ డ్రూ శైవలాలపై పరిశోధన చేసేవారు. 1928లో పెళ్లి కాగానే ఆమె ఉద్యోగం పోయింది. పెళ్లయిన స్త్రీలకు ఉద్యోగం లేదన్నది అక్కడి అప్పటి నియమం. ఎంత అన్యాయమో చూడండి! ఆమె జీతం లేకుండానే పని సాగించారు.

ఆమె ఎంచుకున్నది నోరికి దగ్గరి చుట్టమైన పార్ఫైరా. (ఈ కుటుంబపు మొక్క మన విశాఖ తీరపు రాళ్లమీద కూడా ఉంది.) చూడటానికి ఊదారంగు ఆకులా ఉంటుంది. మందం ఒకే ఒక కణం! ఆటు సమయంలో నీరు వెనక్కు తీస్తే రాతిమీద ఎండిపోతుంది. తనలోని నీటిలో నూటికి 85 వంతులు పోయినా చావదు. పోటు రాగానే తేరుకుంటుంది.

మరి వేసవిలో ఏమవుతుంది? డ్రూ దాని సిద్ధబీజాలను ప్రయోగశాలలో ఆల్చిప్పలమీద పెంచి చూశారు. అవి చిప్పను తొలుచుకుని లోపలికి పోయి, గులాబిరంగు సన్నని పోగులుగా అల్లుకున్నాయి. ఈ పోగులు శాస్త్రజ్ఞులకు కొత్తవి కావు. 19వ శతాబ్దంలోనే వీటిని వేరే మొక్క అనుకుని కాంకోసెలిస్ అని పేరు పెట్టేశారు. తల్లికీ బిడ్డకూ సంబంధమే లేదన్నట్లు! రెండూ ఒకే మొక్క అని 1949లో డ్రూ 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

ఆకు రూపం చలికి తగినది. వేసవిని పోగురూపంలో, సున్నపు చిప్ప మాటున దాటుతుంది. నీరు చల్లబడి, పగటిపొద్దు తగ్గినప్పుడు పోగులు బీజాలను విడుస్తాయి. వాటినుండి మళ్లీ ఆకులు. కాలం మారితే మనం దుస్తులు మారుస్తాం. ఇది ఏకంగా శరీరాన్నే మార్చుకుంటుంది.

ఆ వ్యాసం చదివిన జపాను శాస్త్రజ్ఞుడు సెగావా తమ నోరిని పరీక్షించారు. అదీ ఇంతే! ఇక రైతులు వేసవంతా తొట్లలో ఆల్చిప్పలమీద పోగులను పెంచి, చలి ముందు ఆ బీజాలను వలలకు పట్టించడం నేర్చుకున్నారు. వలలను సముద్రంలో కడితే పంట ఖాయం.

డ్రూ 1957లో మరణించారు. జపానును ఎన్నడూ చూడలేదు. 1963లో అక్కడి ఉటో పట్టణంలో, సముద్రం కనిపించేచోట ఆమెకు స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ చేరి ఆమెను స్మరించుకుంటారు.