రాబిన్‌హుడ్... ఇంతకీ ఎవరు?

నెత్తిన ఈక పెట్టిన టోపీ, ఒంటిమీద ఆకుపచ్చ దుస్తులు, చేతిలో విల్లు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టే మంచి దొంగ. షేర్‌వుడ్ అడవిలో మకాం. నాటింగ్‌హామ్ షెరీఫ్‌కి పక్కలో బల్లెం... రాబిన్‌హుడ్ అనగానే గుర్తొచ్చేది ఇదే. మన సినిమాల్లో హీరో పెద్దింట్లో కన్నమేసి పేదలకు పంచితే చాలు, వాడికీ ఆ పేరే పెట్టేస్తాం. అంతటి ఘనుడు అసలు పుట్టాడా? పుడితే ఎవరి కొడుకు?

చరిత్రకారులు దాదాపు రెండొందల ఏళ్లుగా ఈ ప్రశ్న వెంటపడుతూనే ఉన్నారు. వాళ్లకు దొరికిన ఆధారాల్లో ముచ్చటైనది ఓ లెక్కల చిట్టా.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ రాజుగారికి ఏ జిల్లా నుంచి ఎంత రావాలో ఏటేటా గొర్రెతోలు చుట్టల మీద రాసి పెట్టేవారు. 1226 నాటి యార్క్‌షైర్ లెక్కల్లో ఒక పద్దు ఉంది. పరారీలో ఉన్న రాబర్ట్ హాడ్ అనేవాడి సామాన్ల తాలూకు 32 షిల్లింగుల 6 పెన్నీలు. అంతే! వాడు చేసిన నేరమేమిటో, ఎటు పారిపోయాడో అందులో లేదు. మరుసటేడు లెక్కల్లో అదే మనిషి 'హాబెహాడ్' అయ్యాడు. వెంకటేశ్వర్లు వెంకడైనట్టు రాబర్ట్‌కి రాబిన్, హాబ్ ముద్దుపేర్లు. అంటే రాబర్ట్ హాడ్‌ని ఊళ్లోవాళ్లు రాబిన్ హాడ్ అనే పిలిచి ఉండొచ్చు.

కోర్టు ఎన్నిసార్లు పిలిచినా రానివాణ్ని అప్పట్లో 'చట్టం వెలుపలివాడు'గా ప్రకటించేవారు. ఆస్తి రాజుగారి పాలు. ఆపద వస్తే చట్టం అండగా ఉండదు. పాత వాడుకలో అలాంటివాణ్ని 'తోడేలు తల' అనేవారు. ఇక మిగిలింది అడవే!

డేవిడ్ క్రూక్ అనే చరిత్రకారుడు ఇంకో అడుగు ముందుకేశారు. 1225లో యార్క్‌షైర్ షెరీఫ్‌గా ఉన్న లౌడ్‌హామ్ యూస్టేస్ ఒక బందిపోటు కోసం గాలించాడు. వాడి పేరు వెదర్‌బీ రాబర్ట్. వాణ్ని వెతికి, పట్టుకుని, తల నరకడానికి కిరాయి మనుషులకిచ్చిన డబ్బు, చివరికి వేలాడదీయడానికి కొన్న గొలుసు ఖర్చు కూడా లెక్కల్లో ఉన్నాయి. ఆ రాబర్టూ ఈ రాబర్టూ ఒకరే కావచ్చన్నది క్రూక్ ఊహ. విశేషమేమిటంటే, ఈ యూస్టేస్ తర్వాత నాటింగ్‌హామ్ షెరీఫ్ కూడా అయ్యాడు! ఊహే అయినా కొట్టిపారేయలేనిది.

క్రూక్ 1984లో బయటపెట్టిన మరో కాగితం ఇంతకన్నా గట్టిది. 1261లో బెర్క్‌షైర్‌లో విలియం అనేవాడి మీద దోపిడీ ముఠాలో ఉన్నాడని కేసు పడింది. అతని తండ్రి రాబర్ట్ కమ్మరి. విలియం పారిపోయాడు. మరుసటేడు లండన్‌లో రాజుగారి గుమస్తా అతని పేరు రాసినచోట తండ్రి పేరు, వృత్తి ఎగరగొట్టి, 'విలియం రాబెహాడ్' అని రాసేశాడు. ఎందుకలా? పారిపోయిన దొంగ, పైగా పేరులో రాబర్ట్ ఉంది... గుమస్తాకి కథ గుర్తొచ్చిందన్నమాట! అంటే 1262 నాటికే రాబిన్‌హుడ్ పేరు దొంగలకు మారుపేరైంది. అసలువాడంటూ ఉంటే అంతకుముందే బతికి ఉండాలి.

ఈ ఒక్క కాగితంతో పాత వాదాలు చాలా కుదేలయ్యాయి. 1852లో జోసెఫ్ హంటర్ అనే పరిశోధకుడు రెండో ఎడ్వర్డ్ కొలువులో పనిచేసిన రాబిన్ హోడ్ అనే సేవకుణ్ని వెతికి పట్టుకున్నారు. పాత గాథలో రాజు ఎడ్వర్డే, రాబిన్ అతని కొలువులో చేరతాడు కూడా. 1323లో రాజు నాటింగ్‌హామ్ వచ్చి అడవిదొంగని క్షమించి తీసుకెళ్లాడని హంటర్ కథ అల్లారు. బాగానే ఉంది కానీ, రాజు నాటింగ్‌హామ్ చేరడానికి ముందే ఆ సేవకుడు జీతం తీసుకున్నట్టు తర్వాత తేలింది! 1324లో ఇక పనిచేయలేడంటూ 5 షిల్లింగులిచ్చి ఇంటికి పంపేశారు. పాపం, అడవితో అతనికి సంబంధమే లేకపోవచ్చు. షేర్‌వుడ్‌లో నిజంగానే ముఠా కట్టి నాటింగ్‌హామ్ షెరీఫ్‌కి చిక్కిన రోజర్ గాడ్‌బర్డ్‌ని అసలు రాబిన్ అనేవారూ ఉన్నారు. అతనిది 1260, 70ల నాటి మాట. గుమస్తా కలం అప్పటికే రాసేసింది కదా!

ఇక హంటింగ్‌డన్ జమీందారు కథ మరీ కల్పన. 1598లో ఆంథొనీ మండే నాటకాల కోసం అడవిదొంగకి ఆ హోదా కట్టబెట్టాడు. పాత గాథల్లో అతను సామాన్య రైతుబిడ్డ స్థాయివాడు. పేదలకు పంచడం కూడా వాటిలో అంతంతమాత్రమే. అప్పుల్లో మునిగిన ఒక నైట్‌కి 400 పౌండ్లిచ్చి ఆదుకుంటాడు, అదీ అప్పుగానే!

ఊరి గొడవా తక్కువేం కాదు. పాత గాథలో అతని అడ్డా ప్రధానంగా యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్. పేరు మాత్రం నాటింగ్‌హామ్‌కే దక్కిందని యార్క్‌షైర్ వాళ్ల ఉడుకుమోత్తనం. 2005లో డాన్‌కాస్టర్ దగ్గర తెరిచిన విమానాశ్రయానికి రాబిన్‌హుడ్ పేరు పెట్టినప్పుడు వాదన మళ్లీ రాజుకుంది. 2016లో ఆ పేరు తీసేశారు.

సమాధి కూడా యార్క్‌షైర్‌లోనే చూపిస్తారు. కర్క్‌లీస్ మఠంలో వైద్యం పేరుతో నరం కోసి రక్తం ఎక్కువగా పోయేలా చేసి, మఠాధిపతురాలే చంపించిందని గాథ. ప్రాణం పోయేముందు కిటికీలోంచి బాణం వదిలి, అది పడ్డచోట పాతిపెట్టమన్నాడట. చావుబతుకుల్లో ఉన్న మనిషి బాణం అంత దూరం వెళ్తుందా అని అనుమానించేవాళ్లున్నారు. జనం మాత్రం ఆ రాయి ముక్క దిండు కింద పెట్టుకుంటే పంటినొప్పి పోతుందని నమ్మి, చెక్కుకుపోవడం మొదలెట్టారు. దాంతో సమాధి చుట్టూ ఇనుప కటకటాలు బిగించాల్సి వచ్చింది.